ఆకుపచ్చ బోర్డు ఎవరి గోడకి

నా హోటలుకి సరిగ్గా ఎదురుగా పొయ్యి పెట్టిన కృపావతి నాకు చేసిన అన్యాయాన్ని నేను మరిచిపోలేదు, మిమ్మల్నీ మరిచిపోనివ్వను. అరకు స్టేషన్లో కిరండూల్ పాసింజరు దిగిన జనం ఏళ్ళ తరబడి రోడ్డెక్కగానే నా మెట్లే ఎక్కేవారు. ఆ మనిషి నాలుగు వెదుళ్ళు పాతి, పైన బరకం కప్పి, బొంగుల్లో కోడి కాల్చడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి అదే జనం నా మెట్ల దాకా వచ్చి, గాలిలోకి ముక్కు ఎత్తి, అటు తిరిగిపోతున్నారు. నా సాంబారు పొయ్యి మీద అలా ఉడికి ఉడికి చిక్కబడిపోతోంది.

అందుకే అర్జీ పెట్టాను. వెనక పారే గెడ్డ నీళ్ళు వాడుతోందనీ, ఈగలు ముసురుతున్నాయనీ, పాక ఎత్తించమనీ. అందులో ఒక్క అబద్ధం లేదు. పోయిన వారం సంచికలో మీరు నన్ను వదిలిపెట్టేసరికి నేను గల్లాపెట్టె దగ్గర నిలబడి ఉన్నాను. హెల్త్ ఇన్‌స్పెక్టరు జీపు మలుపు తిరిగింది. కృపావతి పాక ముందు ఆగుతుందని కళ్ళు చిట్లించి చూస్తుంటే, అది పాక దాటి వచ్చి నా హోటలు ముందు ఆగింది.

ముందు దిగింది గంగాభవాని. విజయనగరం నుంచి బదిలీ మీద వచ్చిన కొత్త ఇన్‌స్పెక్టరు. భుజాన గుడ్డసంచి, కాళ్ళకి మగవాళ్ళు వేసుకునే బూట్లు. ఆవిడ వెనక దిగింది మా సర్పంచి రాజకుమారి. కొండమనిషే, పది పాసైంది, ఎవరితో మాట్లాడినా గొంతు పెంచదు. గొంతు పెంచనివాళ్ళంటే నాకు మొదట్నుంచీ భయం.

ఇదివరకటి ఇన్‌స్పెక్టర్లు నాకు అర్థమయ్యేవారు. వచ్చేవారు, కూర్చునేవారు, కోడికూరతో భోంచేసేవారు, చెయ్యి తుడుచుకుంటూ అప్పుడు గోడ మీద బూజు చూసేవారు. వాళ్ళకేం కావాలో నాకు తెలుసు, నేనేం ఇవ్వగలనో వాళ్ళకి తెలుసు. ఒక్కడు మాత్రం, తొంభై ఆరులో, భోంచెయ్యకుండానే రాసేశాడు. వెనక మురిక్కాలవకి మూత లేదన్నాడు. దసరా సెలవులకి విశాఖపట్నమంతా కొండెక్కి వచ్చిన రోజుల్లో నేను నా హోటలుకి తాళం వేసుకుని, ఆ తాళాన్నే చూస్తూ కూర్చున్నాను. తర్వాత కోర్టు చుట్టూ తిరిగాను. అప్పుడు నన్ను కూర్చోబెట్టి ఇది తప్పు, ఇలా చేసుకో అని చెప్పినవాడు ఒక్కడు లేడు. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి పాఠమెందుకు అనుకున్నారేమో.

"భాస్కరరావు గారూ, మీ అర్జీ చదివాను" అంది గంగాభవాని. "ఒక్క పాకని పట్టుకుంటే ఏం లాభం అనిపించింది. ఈ రోడ్డు మీద వండి అమ్మేవాళ్ళందర్నీ ఒకచోట కూర్చోబెడదాం. సిమెంటు గచ్చు, కుళాయి ఉన్నది మీకొక్కరికే. ఇక్కడే పెట్టుకుందామా?"

"ఏటి పెట్టుకుందారి మేడమ్?"

"క్లాసు."

మీకొక్కరికే అన్న మాట నా చెవికి చల్లగానే తగిలింది. సీతామహాలక్ష్మిని పిలిచి యాలకులు దంచి టీ పెట్టమన్నాను. మా ఆవిడ స్టీలు గ్లాసులో తెచ్చింది. గంగాభవాని నవ్వి, "డ్యూటీలో ఏమీ తీసుకోనమ్మా" అంది. ఆ గ్లాసు టేబులు మీద మీగడ కట్టేదాకా ఉంది. దాని సంగతి మళ్ళీ చెబుతాను.

అరగంటలో బల్లలు నిండాయి. టీ బడ్డీల వాళ్ళు, బజ్జీల వాళ్ళు, మా శృంగవరపుకోట నుంచే వచ్చి టిఫిను హోటలు పెట్టుకున్న వరహాలరావు. ఆఖర్న కృపావతి, మసి చేతులు పైట చెంగుకి తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది. ఎక్కడైనా వెనక కూర్చోవలసిన మనిషి.

"కృపావతి గారూ, ముందుకి రండి" అంది గంగాభవాని.

గారూ! రోడ్డు మీద బరకం కింద కూర్చునే మనిషికి గారూ. నేను గల్లా ఎక్కిన కొత్తలో నన్ను గారూ అని పిలిపించుకోవడానికి ఎంతమందికి ఎన్ని భోజనాలు ఊరికే పెట్టానో నాకు తెలుసు.

రాజకుమారి ముందు పద్ధతి చెప్పింది. ఇన్‌స్పెక్టరు మేడమ్ మొదటిసారి వచ్చి చూసి చెబుతారు. రెండోసారి వచ్చి ఎలా చెయ్యాలో చేసి చూపిస్తారు. అప్పటికీ దిద్దుకోకపోతే మూడోసారి ఫైను. దిద్దుకున్నవాళ్ళ గోడకి పంచాయతీ ఒక ఆకుపచ్చ బోర్డు కొడుతుంది. బోర్డున్న చోటే తినమని టూరిస్టు బస్సుల వాళ్ళకి చెబుతారు.

బోర్డు మాట వినగానే వరహాలరావు నా చెవిలో, "బావా, ఇది నీకే వస్తాది" అన్నాడు. నాకే రావాలి అని నేనూ అనుకున్నాను. ఇంకా చెప్పాలంటే, నాకు రావడం ఒక ఎత్తు, ఎదురు పాకకి రాకపోవడం ఒక ఎత్తు.

అప్పుడు గంగాభవాని సంచిలోంచి పసుపు డబ్బా తీసి, కాస్త నూనెతో కలిపి, అందరి అరచేతుల్లో రాసింది. "ఇప్పుడు మీరు రోజూ వంట ముందు ఎలా కడుక్కుంటారో అలాగే కడుక్కుని రండి." అందరం కుళాయి దగ్గర క్యూ కట్టాం. నేను నా హోటల్లో, నా కుళాయి దగ్గర, బజ్జీలవాడి వెనక నిలబడ్డాను. కడుక్కుని వచ్చాక ఒక తెల్లటి గుడ్డ పరిచి, చేతులు నొక్కమంది. ఎవరి చెయ్యి వాళ్ళకి కనబడింది. వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద, మణికట్టు మీద పసుపు అలాగే ఉంది.

"ఈ పసుపే రోగమనుకోండి" అంది.

కృపావతి తన ముద్ర చూసుకుని పొట్ట పట్టుకుని నవ్వింది. "ఓలమ్మ, నా సెయ్యి సూడండి, కోడికి పసుపు రాసినట్టే ఉంది. మేడమ్ గోరూ, మరి నాను ఇన్నాళ్ళూ ఈ సేత్తోనే బొంగులు కూరినానా?"

"అందుకే కదండీ వచ్చాం."

"మరయితే ఎలగ కడుక్కోవాలి? సూపండి బేగి. బండి వొచ్చే టైమయిపోతాది."

గంగాభవాని ఆ మసి చేతులు తన చేతుల్లోకి తీసుకుని, సబ్బు రాసి, ఒక్కొక్క వేలూ విడదీసి చూపించింది. ఇద్దరూ నవ్వుకుంటున్నారు. నా చెయ్యి నేను పంచె మడతల్లో దాచుకున్నాను. నా ముద్ర కూడా ఆ గుడ్డ మీదే ఉందనీ, అందరికంటే పెద్దదనీ నాకు తెలుసు. అది నాదని అడిగితే చెప్పేవాణ్ణి కాదు. తెలియనిదాన్ని అందరి ముందూ తెలియదని చెప్పి నవ్వగలగడం ఆ మనిషికి ఎలా వచ్చిందో. నేను కూడా అలా నవ్వి ఉంటే నా చెయ్యి కూడా పట్టుకుని చూపించేదేమో. నాకెవరూ చూపించలేదు. ఇప్పుడు నా వయసుకి అడగలేను.

తర్వాత వంటిళ్ళు చూడ్డం. ఒకరి వంటిల్లు అందరూ చూడాలట. మొదట నాదే.

వెయ్యిసార్లు ఇన్‌స్పెక్షను జరిగినా నేను బెదరలేదు. కానీ ఇన్‌స్పెక్టరు ఒక్కడే చూడ్డం వేరు, వరహాలరావూ, బజ్జీలవాడూ, కృపావతీ కలిసి నా గిన్నెల మూతలెత్తడం వేరు. గంగాభవాని ఎక్కడా విసుక్కోలేదు. నిన్నటి సాంబారు మీద ఈవేళ్టిది పోస్తే ఏమవుతుందో చెప్పింది. నల్లబడిన నూనె గరిటెతో ఎత్తి వెలుగులో చూపించింది. అందరూ బడిపిల్లల్లా తలలూపారు. వెనక గుమ్మం దాటగానే ఆగింది.

"ఇవేంటండీ?"

ఎండలో గోడకి ఆనించి వరసగా నిలబెట్టిన బొంగులు. కృపావతికి జనం పోతున్నారని నేనూ బొంగు చికెన్ మొదలుపెట్టాను కదా. పచ్చి వెదురు కొండ మీంచి దింపించాలంటే సులువు కాదు. అందుకని కాల్చినవాటిని సోడా వేసి తోమించి, ఎండబెట్టి, మళ్ళీ వాడుతున్నాను. మా వైపు ఏ గిన్నెనైనా అంతే కదా, తోముకుని వాడుకోమా?

కృపావతి ఒకటి చేతిలోకి తీసుకుని లోపలికి చూసి, నా మొహంలోకి చూసింది. "బొంగులు తోమి దాసీసినావేటి సావుకారీ? ఇస్తరాకులు కూడా తోముతన్నావేటి?"

పెరడంతా నవ్వింది. వరహాలరావు కూడా. కట్టెలు చీలుస్తున్న బుధు గొడ్డలి ఆపి మరీ నవ్వాడు.

ఈ బుధు ఎవరో కొత్తగా చదివేవాళ్ళకి చెప్పాలి. నా హోటల్లో కట్టెలు చీల్చి, నీళ్ళు తోడి, గిన్నెలు తోమే ముసలాడు. కృపావతి వాళ్ళమ్మకి తమ్ముడు. పగలు నా కట్టెలు చీల్చిన గొడ్డలితోనే సాయంత్రం రోడ్డు దాటి ఆవిడ కట్టెలూ చీలుస్తాడు. నేను జీతమిస్తాను, ఆవిడ మావా అంటుంది. చీల్చడంలో తేడా నేను చూశాను. ఆవిడ కట్టెలే సన్నంగా, సమంగా ఉంటాయి.

"భాస్కరరావు గారూ, వెదురు లోపలి పొర నూనె పీల్చుకుంటుంది, ఎంత తోమినా పోదు" అని గంగాభవాని నిదానంగా మొదలుపెట్టింది.

నాకు వినబుద్ధి కాలేదు. "మేడమ్, ఫైను రాసీండి" అన్నాను.

"అవసరం లేదండీ, ఇది మొదటిసారి..."

"రాసీండి మేడమ్. ఎంతయితే అంత. కట్టీసి నా మానాన నానుంటాను. పదిమందిలో ఈ పాటాలు నాకొద్దు."

"తొంభై ఆరులో మీకు ఫైను రాశారని విన్నాను. ఆ కాలవకి ఇప్పటికీ మూత లేదు" అంది. కోపంగా కాదు, జ్వరం ఉందో లేదో చూసి చెప్పినట్టు. "ఈసారి మూత ఎలా వేయించాలో నేను చెబుతాను. ఎక్కువ కాదు, ఒక నాపరాయి చాలు."

అందరూ కాలవ వైపు చూశారు. నేను చూడలేదు. ఆ కాలవ మీద కోపంతోనే దానికి మూత వెయ్యలేదు, ఆ సంగతి ఆవిడకి చెప్పినా అర్థం కాదు.

అక్కణ్ణుంచి రోడ్డు దాటాం. ఇక నా వంతు అనుకున్నాను. నా అర్జీలో రాసినవన్నీ అక్కడున్నాయి. మూత లేని కుండ, అందులో చెయ్యి ముంచి తీసే సత్తు చెంబు, నేల మీదే పెట్టిన, వడ్డించే అడ్డాకులు. అన్నిటికంటే పెద్ద తప్పు పొయ్యి పక్కన ఉంది. పాసింజరు వచ్చేసరికి ఆలస్యం కాకూడదని పొద్దున్నే మాంసం కూరి, మూతికి ఆకు కుక్కి, వెచ్చటి పొయ్యి వార నిలబెట్టిన బొంగులు. పచ్చి మాంసం, ఆ వేడికి, అన్ని గంటలు. గంగాభవాని మొహం మొదటిసారి మారడం చూశాను. నా గుండె తేలికయింది.

"కృపావతి గారూ, ఇది మాత్రం వెంటనే మానాలి" అంది. "ఇలా నిలవ ఉంచిన మాంసం తిని మనిషి పోవచ్చు."

కృపావతి నవ్వు ఆరిపోయింది. ఆ మాటతో ఆవిడ మోకాళ్ళు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. "మనిసి పోతాడేటి? నాకు తెల్దు మేడమ్. బండి దిగినోళ్ళు తొందర పెడతారని..."

"మసాలా కలిపి నీడన, చల్లటి నీళ్ళలో గిన్నె పెట్టి మూత వెయ్యండి. మనిషి వచ్చి అడిగాకే కూరండి. ఆలస్యమవుతుందని చెప్పండి, ఆగుతారు."

"ఆగకపోతే?"

"ఆగకపోతే పక్క హోటలుకి పోతారు. పోనివ్వండి. బతికుంటే మళ్ళీ వస్తారు కదా."

కృపావతి లేచి, ఆ బొంగులన్నీ ఒక్కొక్కటిగా ఎత్తి వెనక గోతిలో పడేసింది. ఆ రోజు అమ్మకమంతా అందులో పోయింది. ఎవరూ పడెయ్యమనలేదు. తర్వాత కొత్త కుండలో నీళ్ళు మరగపెట్టడం నేర్చుకుంది, గంగాభవాని పొయ్యి ముందు గొంతుక్కూర్చుని మంట సర్దింది. నీళ్ళు తెర్లాయి, చల్లారాయి. కృపావతి కాడ ఉన్న గరిటెతో ముంచి, కడిగిన గ్లాసులో పోసి భయంభయంగా అందించింది.

గంగాభవాని ఆ గ్లాసు అందుకుని గటగటా తాగేసింది.

నా టేబులు మీద యాలకుల టీ మీగడ కట్టి ఉంది. ఆ సంగతి మళ్ళీ చెబుతానన్నాను కదా, ఇదే. నాకు ఒళ్ళు మండింది. ఈ కొండ మీద ఇన్నేళ్ళుగా నా చేతి మీద ఎంతమంది ఆఫీసర్లు బతికారో, వాళ్ళెవరూ నాకు ఇలా పొయ్యి ముందు కూర్చుని నేర్పలేదు. నాకు తాళాలు వేశారు. ఆవిడకి మంట సర్దుతున్నారు.

"ఈసారి వచ్చేసరికి ఇలాగే ఉంటే మొదటి బోర్డు మీదే" అంది గంగాభవాని, గ్లాసు తిరిగిస్తూ.

అంతే, నా నోరు ఆగలేదు.

"బోర్డు దేనికి కొడతారు మేడమ్? బరకానికా? గోడుందేటి ఆవిడకి? రోడ్డు మార్జిన్లో పాక అది. ముందు ఎవరి జాగా ఎవరిదో అడగండి. జాగా లేనోళ్ళకి బోర్డేటి, పాటాలేటి? ఒక్కొక్కల్నీ నిలబెట్టి అడగండి, ఈ రోడ్డు మీద జాగా ఎవరిదీ అని."

అన్న తర్వాత వినబడింది నేనేమన్నానో. వరహాలరావు నా పాదం మీద పాదం వేసి గట్టిగా నొక్కాడు. "బావా, ఊరుకో" అన్నాడు పెదవులు కదలకుండా. రోడ్డుకవతల మెట్ల మీద నిలబడ్డ సీతామహాలక్ష్మి చేత్తో నోరు మూసుకుంది.

ఏజెన్సీకి వచ్చి దుకాణం పెట్టుకున్న మైదానం వాళ్ళం ఒకళ్ళనొకళ్ళం ఎన్నైనా అడుగుతాం. ఆ ఒక్కటీ అడగం. వన్ ఆఫ్ సెవెంటీ చట్టం కింద ఇక్కడి నేల గిరిజనుల పేరున తప్ప ఇంకొకరి పేరున ఉండదు. వరహాలరావు టిఫిను హోటలు ఎవరి పేరునో నాకు తెలుసు, నాది ఎవరి పేరునో వాడికి తెలుసు. నేను ఎనభై ఎనిమిదిలో డబ్బిచ్చి కొన్నాను. పేరు బుధుది. అందరూ అలాగే కొన్నారు. బుధుకి పనిచ్చాను, రెండు పూటలా తిండి పెట్టాను, ఒక్కటే మాట నేర్పాను. ఏటేటా గుర్తు చేశాను కూడా. ఆఫీసరెవడొచ్చి అడిగినా, ఇంకేం మాట్లాడకు, నాదే అని చెప్పు.

గంగాభవాని సర్పంచి వైపు చూసింది. "జాగాల సంగతి నా పని కాదు రాజకుమారి గారూ."

"నా పనే" అంది రాజకుమారి. "బోర్డు పంచాయతీది కదా. భాస్కరరావు బాబు మంచి మాటే అడిగినారు. ఇన్నేళ్ళకి ఒకరు అడిగినారు." ఆవిడ కృపావతి వైపు తిరిగింది. "సెప్పు కృపా. నీ జాగా ఏదీ?"

"నాకు జాగా నేదక్కా. రోడ్డు వార కూకున్నాను. తీసీమంటే తీసీత్తాను." అప్పుడే బొంగులు పారేసి వచ్చిన చేతులు ఒడిలో పెట్టుకుని, తల ఎత్తకుండా చెప్పింది.

నేను గెలిచాను. ఆ క్షణం, కళ్ళు మూసి తెరిచేంత సేపు, నేనే గెలిచాను. పాక లేచిపోతోంది. ఆదివారం జనం మళ్ళీ నా మెట్లెక్కుతున్నారు.

"సరే. మరి ఎదురు హోటలు?" అంది రాజకుమారి, అదే గొంతుతో.

నేను గొంతు సవరించుకునేలోపే గుంపు వెనకనుంచి బుధు ముందుకొచ్చాడు. గొడ్డలి భుజాన ఉంది. దాన్ని దించి, నేల మీద ఆనించి, నిటారుగా నిలబడ్డాడు. పద్నాలుగేళ్ళుగా నేర్చుకున్న పాఠం ఇవాళ్టికి అప్పజెప్పమన్నారు. మొహం వెలిగిపోతోంది. నా వంక చూసి, తప్పు లేకుండా చెబుతున్నాను చూడు అన్నట్టు తలూపాడు.

"నాదే" అన్నాడు.

"ఏటి నీదే మావా?"

"ఆ జాగా నాదే. రోడ్డు కాడినుంచి గెడ్డ కాడికి. బాబు సెప్పినారు నాకు. ఎవులడిగినా నాదే అని సెప్పమని. నాదే."

బజ్జీలవాడు కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నాడు. నేను "బుధూ" అన్నాను. నేర్పింది అంతవరకే. అక్కడితో ఆగుతాడనుకున్నాను. కానీ వాడు మేనకోడలి వైపు చూశాడు. ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చున్న ఆవిణ్ణి చూసి, ఏదో లెక్క సరిపోయినట్టు బోసినోటితో నవ్వాడు.

"నీకు జాగా నేదంతావేటే గుంటా? నాదుంది కదా. అక్కడ వొండుకో. గోడుంది, కుళాయుంది. పచ్చబోర్డు అక్కడ కొడతారు."

"మావా, అది సావుకారి హోటలు..."

"హోటలు బాబుదే. జాగా నాది." వాడికి ఇందులో చిక్కేమీ కనబడలేదు. "ఈ పక్క బాబు వొండుకుంటారు, ఆ పక్క నువ్వు వొండుకో. రెండు పొయ్యిలకీ నానే కట్టెలు సీలుత్తాను. రోడ్డు దాటక్కర్నేదు నాకు."

ఎవరూ నవ్వలేదీసారి. రాజకుమారి నా ముందుకొచ్చి నిలబడింది.

"మీరేటంతారు బాబూ? జాగా బుధు మావదేనా? మీదేనంటే అదీ సెప్పండి. పాడేరు ఆఫీసులో అడిగి తేల్చుకుందుము."

నాదంటే కేసు. నాదని నేనన్న మాటే సాక్ష్యం. నాతోపాటు వరహాలరావుదీ, మిగతావాళ్ళందరిదీ తీగలాగినట్టు బయటికొస్తుంది. వరహాలరావు పాదం ఇంకా నా పాదం మీదే ఉంది. బుధుదంటే... బుధుదంటే ఏమవుతుందో నా ఎదురుగా గొడ్డలి పట్టుకుని నవ్వుతోంది. గంగాభవాని వంక చూశాను. ఏదైనా చెబుతుందేమో, ఇలా కాదు అలా చేసుకోండి అని నాకూ ఒక దారి చూపిస్తుందేమో అని. ఆవిడ కళ్ళు దించుకుని గుడ్డసంచికి ముడి వేసుకుంటోంది.

"బుధుదే" అన్నాను.

"అందరూ విన్నారు కదా" అంది రాజకుమారి.

జనాన్ని తోసుకుని రోడ్డు దాటి వచ్చేశాను. సీతామహాలక్ష్మి అడ్డం వచ్చి, "ఏటి సేసేరండీ, ఏటి సేసేరు" అంటూ నా చొక్కా పట్టుకుంది. విడిపించుకుని పై మెట్టు మీద, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. నా చేతులు రెండు పక్కలా గుమ్మం పట్టుకున్నాయి. గోళ్ళ కింద ఇంకా పసుపు ఉంది.

అవతల బుధు వెదుళ్ళు పీకుతున్నాడు. బరకం కిందికి వాలింది. కృపావతి వద్దు మావా, వద్దు మావా అంటూనే ఉంది, అంటూనే పొయ్యి ముందు వంగింది. ఈ కొండల్లో పొయ్యి మార్చినప్పుడు పాత పొయ్యిలో నిప్పు ఆర్పరు, వెంట తీసుకెళతారు. మూకుట్లో నిప్పులెత్తుకుని, పైన బూడిద కప్పుకుని, ఆవిడ రోడ్డు మీదికి వచ్చింది. కిరండూల్ పాసింజరు కూత వినబడింది. స్టేషన్లోంచి జనం ఇంకాసేపట్లో రోడ్డెక్కుతారు.

కృపావతి నా కింది మెట్టు దగ్గర ఆగింది. మొహం మీద సంతోషం లేదు, కోపం లేదు. నన్ను బతిమాలుతున్నట్టే ఉంది.

"కూసింత తప్పుకో సావుకారీ" అంది. "నిప్పులు. సెయ్యి కాల్తంది."

నేనింకా తప్పుకోలేదు. నా వెనక నేను కట్టిన గోడలున్నాయి, నేను పోయించిన గచ్చుంది, మూత లేని నా కాలవ ఉంది. రోడ్డు వార ముప్పై ఆరడుగులు, గెడ్డ దాకా నూట మూడడుగులు. నా అంతట నేను అడిగించుకుని, నా నోటితో నేను ఇచ్చేసుకున్న ఎనిమిదిన్నర సెంట్లు.